సప్పుడు జేయనిది

ఎన్ని కిలోలని అడిగిండు మెడికల్ షాపు ముజాహిద్ భాయ్.
నడుమెంత, రాత్రికి ఎన్నిసార్లు.
వెనక జ్వరం గోలీలకు నిలవడ్డ ముగ్గురు
చెవులు ఇటే పెట్టిండ్రు.
మా ఇంట్ల ముసలాయనకని చెప్దామనుకున్న.
నోరు తెరిస్తే "మా బిడ్డకు" అని వచ్చింది.
"తొమ్మిదేండ్లు."

బరువు తెల్వదంటే
రెండు రకాలు, ఒక్కొక్కటి, చేతిల పెట్టిండు.
రేటు మాత్రం గట్టిగ చెప్పిండు.
ఒకటి ముప్పై ఎనిమిది, ఒకటి యాభై రెండు.
నెలకు లెక్కేస్తే పాలాయన బాకీ.

మా అవ్వ నువ్వులుండలు పెట్టి చూసింది,
ఉప్పు తిప్పి దిష్టి తీసి చూసింది.
డాక్టరమ్మ తిట్టొద్దన్నది, దానంతటదే పోతదన్నది.
పోతది సరే,
క్యాంపు శుక్రవారమే.
స్కౌట్ పిల్లలు, రెండు రాత్రులు, ఘట్‌కేసర్ అవతల,
హాల్ల వరుసగ పరుపులు.
ఇందుజ షరతు ఒక్కటే:
"బాపూ, అది సప్పుడు జేయొద్దు."
పక్కన పండేది మెహక్. మెహక్‌వి పిల్లి చెవులంట.

ఇంటిల్లిపాది పండుకున్నంక
బాత్రూముల తలుపేసుకొని కూసున్న.
చెవి కాడ పెట్టుకొని నలిపిన.
అగ్గువది చిప్స్ పాకిట్ లెక్క కరకరమన్నది.
పిరమైంది పాత చీర లెక్క ఊకున్నది.
తర్వాత చాయ్ గిలాసతోని నీళ్లు పోసిన,
ఒకటి, రెండు, రెండున్నర,
తిప్పి, ఒత్తి, అంచుకు కాయితం పెట్టి చూసిన.
ఇరవై ఏండ్లాయె జలమండలిల వాల్వులు తిప్పవట్టి.
లీకు యాడ పడ్తదో నాకు ఎరుకే,
నడిమిట్ల కాదు, అతుకు కాడ.
పిరమైంది తొడ కాడ కారింది.
అగ్గువది కారలే.

గిదేం న్యాయం.

నా చిన్నతనంల తడిసిన బొంత
సడక్ దిక్కు గోడ మీదనే ఆరేసేది మా నాయిన.
నల్గురు చూస్తే బుద్ధొస్తదని.
బుద్ధి రాలే, పేరొచ్చింది.
"నల్లా ఎల్లేష్."
ఇయ్యాల గూడ గల్లి గల్లిల అదే పిలుపు,
నల్లా ఇడిసేటోడు గదా అనుకుంటరు.
అసలు సంగతి నా పెండ్లానికి గూడ చెప్పలే.
ఆ రాత్రి తెల్లారినంక ఇందుజకు చెప్పిన.
శానసేపు నవ్వింది. నవ్వి నవ్వి,
"మరి ఎప్పుడు ఆగింది?" అన్నది.
పదకొండో, పన్నెండో.
తడిసిన రోజులన్నీ యాదికున్నయి బిడ్డా,
ఆగిన రోజు లేదు.

రెండూ ముందల పెడితే
అగ్గువదే తీసుకున్నది.
పాకిట్ మీది ఎలుగుబంటి బొమ్మను గోరుతోని గీకి,
"నేనేమన్న చంటిపోరినా" అని,
తొడుక్కొని, మీదికెళ్లి లెగ్గిన్ ఏసుకొని,
నా కండ్లు మూయమన్నది.
తలుపు కాంచి కిటికీ దాకా నడిచింది,
మంచం మీద ఇటు పొర్లింది, అటు పొర్లింది.
"ఇనొచ్చిందా?"
"లే."
"అబద్ధం."
పోయి ఇంకో పైజామా ఏసుకొచ్చింది.
ఈసారి నిజంగనే ఫ్యాను సప్పుడొక్కటే.

రెండు రాత్రులకు మూడు.
సాక్సులల్ల చుట్టి, సంచి అడుగున,
పారేయనీకి నల్ల కవర్లు మలిచి.
నేను నాలుగోది పెడ్తాంటె చూసి
తీసి నా చేతిలనే పెట్టింది.

శుక్రవారం రాత్రి, నాలుగు గాలే ఇంక.
బౌద్ధనగర్ వాల్వు కాడ
ఇనుప చెవి పట్టుకొని నిలవడ్డ.
అంగి జేబుల ఫోను, టీచరమ్మ నంబరు మీదనే ఉన్నది.
పై అంతస్తు కిటికీల కెళ్లి భారతమ్మ,
"ఇయ్యాలన్న సక్కగ ఇడుస్తవా, మొన్నటి లెక్కనేనా?"
"ఇడుస్తున్న అక్కా, జర ఆగు."
మూడు చుట్లు తిప్పిన.
పైపుల గాలి బుసబుసమన్నది,
తర్వాత యాడనో ఒక బిందెల మొదటి ధార.
ఫోను మోగలే.
ఘట్‌కేసర్ ఏ దిక్కోనని ఒక్కసారి చూసిన,
ఈడికెళ్లి ఏమన్న కనవడ్తదా.
నాలుగో చుట్టు తిప్పిన.